చిన్న యాక్సిడెంట్ పెద్ద కేసు కాకుండా ఏం చేయాలి? తిరుపతి, చిత్తూరు కారు యజమానులకు అంచెలవారీ మార్గదర్శి

లీలామహల్ సర్కిల్ దగ్గర బండ్లు నెమ్మదిగా కదులుతున్నాయి. మీ బంపర్ పక్కనున్న బైకుకు తగిలింది. బైకు ఒరిగింది, కుర్రాడి మోకాలు గీరుకుంది. రెండు వేలు చేతిలో పెట్టారు. "సరే సామీ" అని అతను వెళ్ళిపోయాడు. రెండు వారాలకు స్టేషన్ నుంచి ఫోను: మీ బండి మీద కేసుంది, ఒకసారి రండి.

ఇలాంటప్పుడు ఏం చేయాలని అడిగేవాళ్ళు చాలామంది. ఆ ఫోను వచ్చాక చేయగలిగేది కొంతే. మిమ్మల్ని కాపాడే కాగితాలన్నీ మొదటి 24 గంటల్లో తయారవ్వాలి. ఆ కాగితాలు ఏవి, ఏ వరసలో తయారు చేసుకోవాలి, ఎక్కడ తప్పులు జరుగుతాయి అన్నదే ఇక్కడ చెబుతున్నాను.

ఒక మాట ముందే. దెబ్బ తగిలినవాళ్ళకు న్యాయంగా రావాల్సింది ఎగ్గొట్టే దారులు ఇందులో లేవు. అది ఇన్సూరెన్స్ ద్వారా వాళ్ళకు అందాలి. మీ జేబు, మీ ఉద్యోగం, మీ నిద్ర పోకూడదు. రెండూ సాధ్యమే.

1. బండి తీసే ముందే సరిచూసుకోవాల్సినవి

చిన్న యాక్సిడెంట్ యజమాని మెడకు చుట్టుకునేది ఎక్కువగా కాగితాల లోపం వల్లే. తప్పు ఎవరిదైనా సరే, కింద చెప్పిన వాటిలో ఒక్కటి తేడా వచ్చినా ఇన్సూరెన్స్ కంపెనీకి తప్పించుకునే దారి దొరుకుతుంది.

- థర్డ్ పార్టీ పాలసీ, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది తప్పనిసరి. గడువు తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.
- లైసెన్సు. మీదే కాదు, మీ బండి నడిపే ప్రతి ఒక్కరిదీ. బావమరిదికి తాళాలిచ్చేటప్పుడు లైసెన్సు అడగడానికి మొహమాటపడొద్దు.
- వైట్ బోర్డు కారు (తెల్ల నంబరు ప్లేటున్న సొంత కారు) బాడుగకు తిప్పడం. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుమల ట్రిప్పులకు సొంత కారు బాడుగకు పంపేవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఆ ట్రిప్పులో యాక్సిడెంట్ జరిగితే పాలసీ షరతు మీరారని కంపెనీ వాదించవచ్చు. పరిహారం మీ ఆస్తి మీదికి రావచ్చు.
- అమ్మేసిన బండి. కాగితాల మీద మీ పేరు ఉన్నంతకాలం మీరే యజమాని. అమ్మేశానని చెప్పినా చెల్లదని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఫారం 29, 30 పూర్తయి ఆర్‌సి పేరు మారేదాకా ఆ పని వదలొద్దు.
- మైనరు చేతికి బండి. 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.

బండిలో పెట్టుకోవాల్సినవి: పాలసీ ప్రింటు కాపీ, కంపెనీ క్లెయిమ్ నంబరు, నాలుగు తెల్లకాగితాలు, పెన్ను, స్టాంప్ ప్యాడ్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, రేడియం ట్రయాంగిల్. డిజిలాకర్, ఎం-పరివాహన్‌లోని కాగితాలు చెల్లుతాయి. కానీ ఘాట్‌లో సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోదు. ప్రింటు కూడా ఉంచండి.

డాష్‌క్యామ్ గురించి నా అభిప్రాయం అడిగితే, సీటు కవర్లు మార్చే డబ్బుతో ముందు అది కొనండి.

2. మొదటి పది నిమిషాలు: ఆగండి, మనిషిని చూడండి

ఆగాల్సిందే. ఎంత చిన్నదైనా సరే. మనిషికో, పశువుకో, బండికో, ఆస్తికో నష్టం జరిగితే ఆగాలనీ, అడిగినవాళ్ళకు పేరు, అడ్రసు చెప్పాలనీ 132వ సెక్షన్ అంటోంది. గాయపడినవాళ్ళకు వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత అని 134 చెబుతోంది. వీటిని పాటించకపోతే 187 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. అంటే తగిలించినందుకు కాకపోయినా వెళ్ళిపోయినందుకు కేసు పడుతుంది.

వరస ఇది:

1. హజార్డ్ లైట్లు వేసి ఇంజిన్ ఆపండి.
2. అవతలివాళ్ళ దగ్గరకు నడిచి వెళ్ళండి. కారులో కూర్చుని అద్దం దించి మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్ళకు మంట పుడుతుంది.
3. తల, మెడ, నడుము దెబ్బ అని అనుమానం వస్తే కదపొద్దు, 108కి ఫోన్ చేయండి. పోలీసులకు 112. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది.
4. గీరుకుపోయినా సరే, "ఏం కాలేదు" అన్నా సరే, ఆసుపత్రికి వెళ్దామని అడగండి. తిరుపతిలో రుయా, స్విమ్స్, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. వద్దంటే, మీరు అడిగారు, వాళ్ళు వద్దన్నారు అన్న సంగతి వీడియోలో ఉండాలి.

ఖర్చుకు భయపడి ఆసుపత్రి మాట ఎత్తనివాళ్ళు ఉంటారు. కేంద్రం 2025 మేలో అమల్లోకి తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, నిర్ణయించిన ఆసుపత్రుల్లో యాక్సిడెంట్ జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి లక్షన్నర దాకా చికిత్స దొరుకుతుంది. యాక్సిడెంట్ జరిగిందని పోలీసులు ధ్రువీకరించాలి. పోలీసులకు చెప్పడం గాయపడినవాళ్ళకే మేలు అనడానికి ఇదొక కారణం.

జనం మీద పడుతుంటే? అప్పుడు అక్కడ నిలబడమని చట్టం కూడా చెప్పదు. అల్లరిమూక వల్ల సాధ్యం కాని పరిస్థితిని 134వ సెక్షనే మినహాయించింది. 112కి ఫోన్ చేస్తూనే నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి. ఇంటికి మాత్రం వెళ్ళొద్దు. స్టేషన్‌కు వెళితే అది చట్టం చెప్పిన పని, ఇంటికి వెళితే పారిపోయినట్టు లెక్క.

3. ఫోటోలు, వీడియో, సాక్షులు

ఈ పని దాదాపు అందరూ సగమే చేస్తారు. తమ బండి సొట్ట ఫోటో తీసుకుని ఊరుకుంటారు. ఆ ఫోటో ఇన్సూరెన్స్ సర్వేయర్‌కు పనికొస్తుంది గానీ కేసులో మిమ్మల్ని కాపాడదు.

బండ్లు కదపకముందు తీయాల్సినవి:

- రెండు బండ్లూ ఒకే ఫ్రేములో, నంబరు ప్లేట్లతో, నాలుగు మూలల నుంచి.
- ఇరవై అడుగుల దూరం నుంచి రెండు వైపులా. వెనక షాపు బోర్డో, కిలోమీటరు రాయో కనిపించాలి.
- రోడ్డు. బ్రేకు గీతలు, గుంత, స్పీడ్ బ్రేకరు, సిగ్నల్, రోడ్డు మీద పోసిన ఇసుక.
- అవతలి బండికి తగిలిన చోటు దగ్గర నుంచి. తగలని వైపులు కూడా. పాత సొట్టలన్నీ మీ ఖాతాలో రాయకుండా ఆపేది ఈ ఫోటోనే.
- బైకు మీద ఎంతమంది ఉన్నారు, హెల్మెట్ ఉందా లేదా.
- అవతలివాళ్ళ లైసెన్సు, ఆర్‌సి, పాలసీ. మీవి కూడా వాళ్ళను తీసుకోనివ్వండి.

గాయాన్ని ఫోటో తీసేముందు అడగండి. "డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది, తీసుకోనా అమ్మా?" అంటే ఎవరూ కాదనరు. అడగకుండా మొహం మీద ఫోన్ పెడితే గొడవ అక్కడే మొదలవుతుంది.

చివరగా అర నిమిషం వీడియో. తేదీ, సమయం, చోటు మీ నోటితో చెబుతూ చుట్టూ తిప్పండి. తప్పెవరిదన్న వ్యాఖ్యానం వద్దు.

తిరుమల ఘాట్‌లో ఇంత తీరిక ఉండదు. మలుపులో బండి ఆపితే వెనక వచ్చే బస్సుతో ఇంకో ప్రమాదం. రెండు బండ్లూ కలిసిన ఫోటోలు రెండు మూడు తీసి, బండి పక్కకు పెట్టి మిగతావి తీయండి. అలిపిరి టోల్ రసీదు, ఫాస్టాగ్ మెసేజ్ పారేయకండి. మీరు ఏ సమయానికి ఎక్కడున్నారో అవే చెబుతాయి.

ఫైలు పాడుచేసుకోవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచి, కాపీని మెయిల్‌లో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోనూ అసలు ఫైలూ ఉంటే ఆ పని సులువు.

సీసీ కెమెరా. షాపుల కెమెరాల్లో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది. ఆ రోజే షాపాయనను "అన్నా, ఈ టైము క్లిప్ కొంచెం తీసి పెట్టన్నా" అని అడగండి. ఇవ్వనంటే, ఏ షాపు, కెమెరా ఏ వైపు చూస్తోంది అని రాసుకుని, పోలీసులకిచ్చే అర్జీలో ఆ రికార్డింగు భద్రపరచమని కోరండి.

సాక్షిగా మీ కారులో ఉన్నవాళ్ళు చాలరు. టీ కొట్టు ఆయనో, ఆటో అన్నో, ఒక్కరి పేరు, ఫోను నంబరు తీసుకోండి. కేసుల్లో ఇరుక్కుంటామని భయపడతారు. సాయం చేసినవాళ్ళను ఇబ్బంది పెట్టకుండా 2019 సవరణలో 134ఎ చేర్చారని చెప్పండి.

4. నోటిమాట

రెండు రకాలవాళ్ళు దెబ్బతింటారు: గట్టిగా అరిచేవాళ్ళు, కంగారులో అంతా ఒప్పేసుకునేవాళ్ళు.

"తప్పంతా నాదే తమ్ముడూ, ఎంతైనా ఇచ్చేస్తా" అనొద్దు. తప్పు ఎవరిదో ఆ నిమిషంలో మీకే సరిగ్గా తెలియదు. పైగా మీ మోటారు పాలసీలోనే ఒక షరతు ఉంటుంది: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాటివ్వకూడదు, ఇవ్వకూడదు. చాలామంది ఆ పేజీ చదవరు.

మరి ఏమనాలి? ఇలా:

"దెబ్బ ఎక్కడ తగిలింది తమ్ముడూ? ముందు ఆసుపత్రికి పోదాం. మీ ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేయి. బండి సంగతి ఇన్సూరెన్స్ ఉంది, రాసుకుందాం."

ఇందులో కనికరం ఉంది, ఒప్పుకోలు లేదు. ఆయన "కళ్ళు కనపడవా?" అని అరిచినా ఇదే మాట మళ్ళీ చెప్పండి. జాలి చూపినంత మాత్రాన తప్పు మీ మీద పడదు.

తాళాలు, ఆర్‌సి, లైసెన్సు, ఫోను ఎవరికీ తాకట్టుగా ఇవ్వొద్దు. "డబ్బు తెచ్చి తీసుకెళ్ళు" అని ఎవరైనా లాక్కుంటే వెంటనే 112.

ఆ రోజు రాత్రి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో యాక్సిడెంట్ గురించి ఏమీ పెట్టకండి.

5. అక్కడే డబ్బిచ్చి తేల్చుకోవచ్చా?

ఎక్కువమంది ఇరుక్కునే చోటు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

నగదు ఇచ్చి వెళ్ళిపోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. డబ్బిచ్చినట్టు రుజువు ఉండదు. ఇచ్చారని తెలిస్తే తప్పు చేశారు కాబట్టే ఇచ్చారంటారు. మీరు అక్కడ ఆగారన్న ఆధారం కూడా ఉండదు. రెండు రోజుల తర్వాత ఆ కుర్రాడికి మోకాలు వాచి ఆసుపత్రికి వెళితే, యాక్సిడెంట్ అని చెప్పగానే డాక్టరు మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా) రాసి పోలీసులకు సమాచారం పంపుతారు. ఆ కుర్రాడికి మీ మీద కోపం ఉండాల్సిన పని లేదు.

ఒకటి: బండ్లకే నష్టం, ఎవరికీ గీత కూడా పడలేదు. ఎవరి బండి వాళ్ళు తమ ఓన్ డ్యామేజ్ పాలసీలో (సొంత బండి నష్టానికి ఉండే ఇన్సూరెన్స్) చేయించుకోవడం మంచిది. ఇద్దరికీ ఈ రెండు రకాలూ కలిసిన సమగ్ర పాలసీ ఉంటే దీనికి మించిన పరిష్కారం లేదు. అవతలి బైకుకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, వాళ్ళ నష్టం మీ కంపెనీ ఇవ్వాలన్నా యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ దాకా వెళ్ళాలి. మూడు వేల బిల్లుకు ఎవరూ అంత దూరం పోరు. అలాంటప్పుడు మీ సొంత డబ్బుతో మెకానిక్‌కు నేరుగా బిల్లు కట్టి రాజీ కాగితం రాసుకోవచ్చు. అయితే అదే యాక్సిడెంట్ మీద మీరు కూడా క్లెయిమ్ చేయాలనుకుంటే, ముందు కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి, వాళ్ళ అనుమతి రాతలో తీసుకోండి.

రెండు: చిన్న గాయం. చికిత్స డబ్బు చేతికివ్వొద్దు. ఆసుపత్రి కౌంటర్‌లో, మందుల షాపులో మీరే కట్టి రసీదు ఫోటో తీసుకోండి. యూపీఐలో పంపాల్సి వస్తే నోట్‌లో "చికిత్సకు సాయం" అని రాయండి. రాజీ కాగితం ఉన్నా గాయానికి పరిహారం అడిగే హక్కు పూర్తిగా పోతుందని అనుకోవద్దు. కాబట్టి కాగితంతో సరిపెట్టకుండా 6, 7 అంచెలు తప్పక చేయండి.

మూడు: ఎముక, తల దెబ్బ, స్పృహ తప్పడం, చిన్నపిల్లలు, గర్భిణి, పెద్ద వయసువాళ్ళు. రాజీ మాటే వద్దు. ఆసుపత్రి, పోలీసు, ఇన్సూరెన్స్, అంతే.

రాజీ కాగితం ఇలా ఉంటే చాలు. స్టాంపు పేపరు దొరక్కపోతే తెల్లకాగితం మీదైనా రాసుకోండి, రాయకుండా మాత్రం ఉండొద్దు:

> తేదీ … , సమయం … . … దగ్గర … నంబరు కారు, … నంబరు బైకు తగిలాయి. ఇద్దరికీ ఎలాంటి శరీర గాయాలూ కాలేదు. / … గారి మోకాలికి గీరుకుపోయింది, … ఆసుపత్రిలో చూపించాం.
> బైకు రిపేరు నిమిత్తం … మెకానిక్‌కు … రూపాయలు యూపీఐ ద్వారా చెల్లించడమైనది. తప్పు ఎవరిదన్న దాని జోలికి పోకుండా, సామరస్యం కోసం ఈ మొత్తం ఇచ్చారు. బండి రిపేరు విషయంలో ఇక ఒకరి నుంచి ఒకరికి రావాల్సింది ఏమీ లేదు.
> ఈ కాగితం చదివి, అర్థం చేసుకుని, ఎవరి బలవంతం లేకుండా సంతకం చేశాం.
> సంతకాలు, ఆధార్ కాపీలు, ఇద్దరు సాక్షుల పేర్లు, ఫోను నంబర్లు.

గాయం ఉంటే "గాయాలు కాలేదు" అని రాయించొద్దు. అది అబద్ధం, పైగా ఆసుపత్రి చీటీ ముందు నిలవదు. అప్పుడు మీరు రాసిన మిగతా వాక్యాలను కూడా ఎవరూ నమ్మరు.

మన దగ్గర ఇంకో సంగతి. తగిలేది చాలాసార్లు చెన్నై, వేలూరు, బెంగళూరు నుంచి వచ్చిన యాత్రికుల బండి. తెలుగు రానివాళ్ళతో తెలుగు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే రేపు "ఏం రాశారో నాకు తెలియదు" అంటారు. తమిళమో, కన్నడమో, ఇంగ్లీషో, వాళ్ళు చదవగలిగిన భాషలో రాయించండి. చిత్తూరులో తమిళం రాసేవాళ్ళు దొరకడం కష్టం కాదు.

6. పోలీసులకు చెప్పడం: 24 గంటలు

"చిన్నదానికి స్టేషన్ ఎందుకు?" అంటారు. మనిషికి గాయమైనా, అవతలివాళ్ళ ఆస్తికి నష్టమైనా, అక్కడ పోలీసులు లేకపోతే దగ్గరి స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు చెప్పాలన్నది 134లో ఉన్నదే. గాయం ఉంటే ఇది అసలు వదలొద్దు.

ముందు వెళ్ళినవాడి మాట మొదట నమోదవుతుంది. తర్వాత అవతలివాళ్ళు ఎవరి సలహా మీదో కథ మార్చినా, మీ అర్జీ మీద ఉన్న తేదీ, సమయం మారవు.

అర్జీలో ఉండాల్సినవి:

- మీ పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు, బండి నంబరు, పాలసీ నంబరు.
- ఎప్పుడు, ఎక్కడ, ఎటు నుంచి ఎటు వెళ్తున్నారు.
- జరిగింది నాలుగు వాక్యాల్లో. చూసింది మాత్రమే రాయండి, ఊహలు వద్దు.
- గాయపడినవాళ్ళను ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళారు, లేదా వద్దన్నారు.
- కెమెరాలు, సాక్షులు.

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజూ రాసే రికార్డు) ఎక్కించి ఆ నంబరు ఇవ్వమని మర్యాదగా అడగండి. "ఏం అవసరం లేదు, పోండి" అన్నారా? అదే అర్జీని స్టేషన్ హౌస్ ఆఫీసరుకూ, జిల్లా ఎస్పీ ఆఫీసుకూ ఆ రోజే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు ముద్రతో సమానంగా పనికొస్తుంది.

తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. విచారణలో పోలీసులు నమోదు చేసే సాక్షుల వాంగ్మూలాల మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది.

7. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం

క్లెయిమ్ చేసే ఉద్దేశం లేకపోయినా చెప్పండి. "నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది" అన్న భయంతో చాలామంది మౌనంగా ఉంటారు. సమాచారం ఇవ్వడం వేరు, మీ బండి రిపేరుకు క్లెయిమ్ చేయడం వేరు. మెయిల్‌లో ఆ మాటే రాయండి:

> ఇది సమాచారం కోసం మాత్రమే. ప్రస్తుతం ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ చేయడం లేదు. అవతలి పక్షం నుంచి ఏదైనా క్లెయిమ్ వస్తే పాలసీ ప్రకారం చూడగలరు.

దీనితో పాటు పాలసీ నంబరు, గడువు, తేదీ, సమయం, చోటు, గాయపడినవాళ్ళ వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలు ఉండాలి. 134 అడిగేవి ఇవే. ఫోను చేసి ఊరుకోవద్దు, మెయిల్ ఉండాలి. ఏజెంటుకు చెప్పాను కదా అంటే అది కంపెనీకి చెప్పినట్టు కాదు.

థర్డ్ పార్టీ పాలసీలో శరీర గాయాలకు గరిష్ఠ పరిమితి లేదు. ఆస్తి నష్టానికి మామూలుగా కారు పాలసీలో ఏడున్నర లక్షల దాకా ఉంటుంది. మీ పాలసీలో ఎంతుందో ఒకసారి చూసుకోండి. ప్రీమియం కొంచెం తగ్గుతుందని దీన్ని 6,000కు తగ్గించుకున్న పాలసీలు కూడా ఉంటాయి.

8. ఎఫ్ఐఆర్ పడితే

టెన్షన్ పడటం సహజం. మామూలు చిన్న యాక్సిడెంట్లలో పెట్టేవి భారతీయ న్యాయ సంహిత 281, నిర్లక్ష్యపు డ్రైవింగుకు. 125, ఇతరులకు హాని కలిగించినందుకు. 125(ఎ) మామూలు గాయానికి ఆరు నెలల వరకు జైలు, 125(బి) తీవ్ర గాయానికి మూడేళ్ళ వరకు. ఇవన్నీ బెయిలబుల్. పూచీకత్తు మీద స్టేషన్‌లోనే బెయిలు ఇవ్వవచ్చు. మద్యం తాగి ఉంటే సంగతి వేరు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185 కూడా తోడవుతుంది, ఇన్సూరెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది.

చేయాల్సినవి:

1. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. అందులో రాసిన సమయం, చోటు మీ ఫోటోలతో సరిపోతున్నాయా చూడండి.
2. నోటీసు ఇస్తే ఆ తేదీకి వెళ్ళండి. రాలేకపోతే రాతపూర్వకంగా చెప్పండి.
3. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి ముందు బండి రిపేరు చేయించకండి. సాక్ష్యం మార్చారంటారు. తనిఖీ పూర్తయ్యాక 24 గంటల్లో బండి తిరిగి ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్‌లో ఉంది.
4. 2022 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం డ్రైవరు, యజమాని విడివిడిగా ఫారాలు నింపి 30 రోజుల్లోపు పోలీసులకు ఇవ్వాలి. మీ కథనం, ఫోటోలు, మీ అర్జీ కాపీ వాటితో పాటు ఇవ్వండి. పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపే వివరమైన నివేదికలో మీ పక్షం ఉండాలంటే ఇదే అదును.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. కోర్టులో "ఒప్పేసుకోండి, వెయ్యో రెండువేలో ఫైను, ఇవాళే అయిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. తొందరపడొద్దు. ఆ ఒప్పుకోలు రేపు పరిహారం కేసులో మీ నిర్లక్ష్యానికి సాక్ష్యంగా ముందు పెడతారు. నేరం రుజువైందన్న రికార్డు ప్రభుత్వ ఉద్యోగానికీ, కొన్ని దేశాల వీసాలకూ అడ్డు రావచ్చు. లాయరుతో మాట్లాడకుండా ఒప్పుకోవద్దు.

రాజీ కాగితం ఉంటే కేసు దానంతట అది పోదు. 125 కింద గాయపడిన వ్యక్తి కోర్టు అనుమతితో రాజీ కావచ్చు. 281 మాత్రం రాజీ కాదగిన నేరాల జాబితాలో లేదు. రెండూ కలిసి ఉన్న కేసును ఎలా ముగించాలో లాయరు చూడాలి. ఫీజు కట్టలేనివాళ్ళు 15100కి ఫోన్ చేయండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

9. ఇప్పటికే పొరపాటు జరిగిపోతే

- *డబ్బిచ్చి వచ్చేశారు, కాగితం లేదు.* ఇవాళే పోలీసులకు, కంపెనీకి రాయండి. ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు చెప్పండి. యూపీఐ స్క్రీన్‌షాట్, ఆ రోజు కాల్ రికార్డు తీసి పెట్టండి.
- *ఆగకుండా వచ్చేశారు.* లాయరుకు ఫోన్ చేసి, ఆయన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళండి. నంబరు ఎవరో రాసుకునే ఉంటారు. మీరే ముందు వెళ్ళడం వేరు, వాళ్ళు వెతుక్కుంటూ రావడం వేరు.
- *డ్రైవరును మార్చి చెప్పమంటున్నారు.* లైసెన్సు లేని తమ్ముడు నడిపితే, నువ్వే నడిపానని చెప్పు అని సలహా ఇస్తారు. అస్సలు వద్దు. కెమెరా, ఫోన్ టవరు, సాక్షి, ఏ ఒక్కటి దొరికినా చిన్న కేసు తప్పుడు సాక్ష్యం కేసుగా మారుతుంది.
- *అవతలివాళ్ళు పదే పదే డబ్బడుగుతున్నారు.* ఫోన్‌లో మాట్లాడటం ఆపి మెసేజ్‌లో మాత్రమే జవాబివ్వండి. "ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేశాను, పాలసీ వివరాలు ఇవి" అని పంపండి. బెదిరిస్తే ఆ మెసేజ్‌లతో ఫిర్యాదు చేయండి.

10. ట్రిబ్యునల్ నుంచి నోటీసు వస్తే

పరిహారం కేసు యాక్సిడెంట్ జరిగిన చోటే వేయాలని లేదు. గాయపడినవాళ్ళు ఉండే ఊళ్ళో కూడా వేయవచ్చు. తిరుపతి బైపాస్‌లో తగిలిన కారుకు వేలూరు నుంచి నోటీసు రావడం వింత కాదు. తెలియని భాషలో కవరు వచ్చిందని పక్కన పడేయకండి.

మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. ఆ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. అందుకే ఆరు నెలలు దాటాయని ధీమా పడి ఫైలు చించేయొద్దు.

నోటీసులో డ్రైవరు, యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురూ ఉంటారు. "కంపెనీ చూసుకుంటుందిలే" అని ఊరుకోవడం పెద్ద తప్పు. మీరు రాకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడుస్తుంది. లైసెన్సులోనో పర్మిట్‌లోనో లోపం ఉందని కంపెనీ వాదిస్తే, కాదని చెప్పేవాళ్ళు అక్కడ ఉండరు. అప్పుడు కంపెనీ ముందు చెల్లించి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమని తీర్పు రావచ్చు.

- నోటీసు అందిన రోజే స్కాన్ చేసి కంపెనీకి మెయిల్ చేయండి. సమన్లు వచ్చిన వెంటనే పంపాలన్నది కూడా పాలసీ షరతే.
- కంపెనీ లాయరు కంపెనీ కోసం పనిచేస్తారు. మీ తరఫున వకాలత్ వేరే వేయించండి.
- మీ జవాబులో లైసెన్సు, పాలసీ, పోలీసులకిచ్చిన అర్జీ, ఫోటోలు జతపరచండి. బైకు మీద ముగ్గురున్నారా, రాంగ్ రూటులో వచ్చారా, ఇవన్నీ అక్కడ చెప్పాల్సినవి. ఇద్దరి నిర్లక్ష్యమూ ఉందని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది.
- న్యాయమైన క్లెయిమ్ అయితే లోక్ అదాలత్‌లో కంపెనీతో కలిసి తేల్చుకోవడం మేలు. ఆ అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు కాబట్టి విషయం అక్కడితో ముగుస్తుంది.

అవార్డు వచ్చాక సర్టిఫైడ్ కాపీ తీసుకుని, కంపెనీ డబ్బు జమ చేసినట్టు కోర్టు రికార్డులో ఉందో లేదో లాయరు చేత చూపించండి. యాక్సిడెంట్ రోజున అమల్లో ఉన్న పాలసీ కాపీని అదే ఫైలులో ఉంచండి. మధ్యలో కంపెనీ మారినా, బండి అమ్మేసినా, ఆ కేసుకు లెక్కలోకి వచ్చేది ఆ రోజు పాలసీయే.